మీకు తెలుసా? గవర్నర్లూ, గడువులూ, మనవాళ్లూ

గవర్నర్ కావడానికి రాజ్యాంగం అడిగే అర్హతలు రెండే రెండు. భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండి ఉండాలి. 157వ అధికరణ అంతటితో ఆగిపోతుంది. చదువు, పాలనానుభవం, పార్టీలకు దూరంగా ఉండటం లాంటివేవీ అందులో కనిపించవు. బయటి రాష్ట్రం మనిషే కావాలన్నది కూడా ఆనవాయితీయే తప్ప రాసి పెట్టిన నియమం కాదు.

ఒకే మనిషిని రెండు రాష్ట్రాలకు గవర్నర్‌గా వేయవచ్చని 1956లో ఏడో సవరణ చెప్పింది. అలా వేస్తే రెండు జీతాలు రావు. ఒకే జీతాన్ని రెండు రాష్ట్రాలూ పంచుకుని ఇస్తాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక అయిదేళ్లపాటు రెండు తెలుగు రాష్ట్రాలకూ గవర్నర్‌గా ఉన్న ఈఎస్ఎల్ నరసింహన్ పరిస్థితి ఇదే. 2014 జూన్ 2న కేసీఆర్ చేత, వారం తిరక్కుండా జూన్ 8న చంద్రబాబు చేత ప్రమాణం చేయించింది ఆయనే.

గవర్నర్ అనగానే ఉత్సవ విగ్రహం అనేయడం మనకు అలవాటు. మంత్రివర్గం చెప్పినట్టు నడుచుకోవాలి, వాళ్లు రాసిచ్చిన ప్రసంగం చదవాలి కాబట్టి ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ పదవికి అసలు బలం ఎక్కడుందని అడిగితే, రాజ్యాంగం రాసిన వాక్యాల్లో కన్నా రాయకుండా వదిలేసిన గడువుల్లో ఉందంటాను. కొత్త ముఖ్యమంత్రి చేత ఎన్నాళ్లలో ప్రమాణం చేయించాలి? బలం నిరూపించుకోవడానికి ఎన్ని రోజులివ్వాలి? బిల్లు మీద ఎప్పటిలోగా సంతకం పెట్టాలి? ఒక్కదానికీ తేదీ లేదు. ఆ ఖాళీలో జరిగిన కథలు తిరగేస్తే విచిత్రంగా అటు కుర్చీలోనూ, ఇటు కుర్చీ ముందు నిలబడినవాళ్లలోనూ తెలుగువాళ్లే తారసపడతారు.

ఓటేసి ఎన్నుకుందామనే అనుకున్నారు

1947లో రాజ్యాంగ సభ మొదట తీసుకున్న నిర్ణయం ప్రకారమైతే గవర్నర్‌కు కూడా మనం ఓటు వేసేవాళ్లం. 1949 మే నెలాఖరులో సభ మనసు మార్చుకుంది. జనం ఓట్లతో గెలిచిన గవర్నరూ, జనం ఓట్లతో గెలిచిన ముఖ్యమంత్రీ ఒకే రాష్ట్రంలో ఉంటే రోజూ పేచీయే కదా అన్నది వాదన. రాష్ట్రపతి నియమించడమే మేలని వాదించినవాళ్లలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. అయితే ఆయన ఒక ఆశ కూడా పెట్టుకున్నారు: గవర్నర్‌ను వేసే ముందు ఆ రాష్ట్ర మంత్రివర్గాన్ని కేంద్రం సంప్రదించే సంప్రదాయం ఏర్పడుతుందని. ఆశను అధికరణలో పెట్టలేదు. ఆ తర్వాత కేంద్రాలు దాన్ని ఎంతవరకు పాటించాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

తొలి దెబ్బ ప్రకాశం పంతులికి

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు. ఉమ్మడి మద్రాసు శాసనసభలో 375 సీట్లుంటే కాంగ్రెస్‌కు వచ్చినవి 152. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ, ఇతరులు కలిసి కూటమి కట్టారు. తమకు 166 మంది బలం ఉందన్నారు. కూటమి నాయకుడు టంగుటూరి ప్రకాశం. గవర్నర్ శ్రీప్రకాశ ఆ కూటమిని పిలవలేదు. ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. రాజాజీ తర్వాత సభలో విశ్వాసం నెగ్గిన మాట నిజమే. ప్రకాశం కూడా ఆ ఎన్నికల్లో సొంత సీటు ఓడిపోయారన్నదీ నిజమే. అయినా ఎవరిని ముందు పిలవాలన్న ప్రశ్నకు గవర్నర్ ఇష్టమే జవాబు కాగలదని దేశానికి తొలిసారి తెలిసింది అప్పుడే. ఆ నామినేషన్ మీద కోర్టుకెళ్తే మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి పీవీ రాజమన్నార్ అని గుర్తుంచుకోండి, ఈ పేరుతో మళ్లీ పనుంది.

అదే ఏడాది డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీయే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రకాశం ముఖ్యమంత్రి, ఐసీఎస్ అధికారిగా పనిచేసిన చందూలాల్ త్రివేది గవర్నర్. ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. తెలుగు నేల మీద మూడుసార్లు వచ్చిన రాష్ట్రపతి పాలనలో అది మొదటిది. మిగతా రెండూ 1973లో జై ఆంధ్ర ఉద్యమ సమయంలో, 2014లో విభజన ముంగిట.

ప్రమాణం చేయించిన చేత్తోనే

హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆయన కేరళ గవర్నరుగా వెళ్లారు. 1957 ఏప్రిల్ 5న ఈఎంఎస్ నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. అది ప్రపంచమంతా చెప్పుకున్న కమ్యూనిస్టు ప్రభుత్వం. రెండేళ్లు దాటాక విమోచన సమరం పేరుతో కేరళ అట్టుడికింది. బూర్గుల ఢిల్లీకి నివేదిక పంపారు. 1959 జూలై 31న, సభలో మెజారిటీ చెక్కుచెదరకుండా ఉన్న ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. 356వ అధికరణ చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా ఆ తేదీ దగ్గర ఆగాల్సిందే. బూర్గుల ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు.

తప్పెవరిది?

ఇది రాజమన్నార్ రాసిన తెలుగు నాటకం పేరు. బళ్లారి రాఘవ ఆడిన నాటకం. న్యాయమూర్తిగా, నాటక రచయితగా రెండు పడవల మీద హాయిగా ప్రయాణించిన మనిషాయన. 1957-58లో కొన్నాళ్లు మద్రాసుకు తాత్కాలిక గవర్నర్‌గా కూడా ఉన్నారు. 1969లో కరుణానిధి ప్రభుత్వం కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద కమిటీ వేసినప్పుడు దానికి అధ్యక్షుడు ఆయనే. మరో సభ్యుడు పి.చంద్రారెడ్డి ఆంధ్రప్రదేశ్, మద్రాసు రెండు హైకోర్టులకూ ప్రధాన న్యాయమూర్తిగా చేసినవారు. మూడో సభ్యుడు లక్ష్మణస్వామి మొదలియార్. 1971లో ఇచ్చిన నివేదికలో, రాష్ట్ర మంత్రివర్గాన్ని సంప్రదించాకే గవర్నర్‌ను నియమించాలన్నారు. 1949లో అల్లాడి ఆశపడిన మాటే ఇక్కడ సిఫార్సుగా మారింది. ఒకప్పుడు గవర్నర్ నామినేషన్‌కు అడ్డుచెప్పని హైకోర్టు పెద్ద, తానే ఆ కుర్చీలో కూర్చుని వచ్చాక ఇలా రాశారంటే ఆ కుర్చీ ఏం నేర్పిందో ఆలోచించాలనిపిస్తుంది.

నెల రోజుల నాదెండ్ల

1984 ఆగస్టు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను ముఖ్యమంత్రి పదవి నుంచి తొలగించి, మంత్రివర్గంలో ఉన్న నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. రాంలాల్ అంతకుముందు హిమాచల్ ప్రదేశ్ ముఖ్యమంత్రి. ఎమ్మెల్యేలు తన వెంటే ఉన్నారని, సభ పెడితే రెండు రోజుల్లో తేల్చేస్తానని ఎన్టీఆర్ అంటే విననే లేదు. భాస్కరరావుకు మాత్రం బలం నిరూపించుకోమని 30 రోజులిచ్చారు.

కథంతా ఆ 30 రోజుల్లోనే ఉంది. ముఖ్యమంత్రిని మార్చడం ఒక్కటే జరిగి, మర్నాడే సభ పెట్టి ఉంటే ఆ వ్యవహారం ఒక్కరోజులో తేలిపోయేది. గడువు పొడుగ్గా ఉన్నందుకే ఎమ్మెల్యేలను కాపాడుకోవడం ఒక ఉద్యమమైంది. వాళ్లను రాష్ట్రం దాటించి కర్ణాటకలో దాచారు. శిబిర రాజకీయం అన్న మాట మన పత్రికల్లో స్థిరపడింది ఇలాంటి సందర్భాలతోనే. అంతకుముందు ఆగస్టు 21న చక్రాల కుర్చీలో ఎన్టీఆర్, వెనక ఎమ్మెల్యేలు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబడ్డారు. తలలు లెక్కపెట్టాల్సిన సభ హైదరాబాద్‌లో మూసి ఉంటే, లెక్క రాష్ట్రపతి భవన్‌లో జరిగింది. నెలాఖరుకల్లా రాంలాల్ రాజ్‌భవన్ ఖాళీ చేశారు. శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల.

పదకొండేళ్ల తర్వాత, 1995 ఆగస్టులో, అదే ఎన్టీఆర్‌కు మరో గవర్నర్‌తో పనిపడింది. పార్టీ చీలి ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది వైస్రాయ్ హోటల్‌కు చేరినప్పుడు సభను రద్దు చేయమని ఆయన సిఫార్సు చేశారు. గవర్నర్ కృష్ణకాంత్ రద్దు చేయలేదు, బలం నిరూపించుకోమన్నారు. ఆగస్టు 31న ఎన్టీఆర్ రాజీనామా, సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం. 1984లో గవర్నర్ చేసింది తప్పన్నవాళ్లలో చాలామంది 1995లో గవర్నర్ చేసింది ఒప్పన్నారు. తిరగేసి చెప్పినవాళ్లూ ఉన్నారు. నా మటుకు, సభలో లెక్క తేలాలన్న ఒక్క కొలతతో చూస్తే ఈ రెండూ ఒకటి కావు.

మన గవర్నర్లకు ఈ కష్టకాలం కలిసొచ్చింది కూడా. శంకర్ దయాళ్ శర్మ 1987లో ఉపరాష్ట్రపతి, 1992లో రాష్ట్రపతి అయ్యారు. కృష్ణకాంత్ 1997లో హైదరాబాద్ రాజ్‌భవన్ నుంచే ఉపరాష్ట్రపతిగా వెళ్లారు.

కర్నూలు మనిషి, కర్ణాటక కేసు

దేశంలో ఎక్కడ ప్రభుత్వం మైనారిటీలో పడినా టీవీ చర్చల్లో వినిపించే పేరు బొమ్మై కేసు. ఆ కేసుకు మూలమైన నివేదిక రాసింది కర్నూలు జిల్లాకు చెందిన పెండేకంటి వెంకటసుబ్బయ్య అని ఎంతమందికి గుర్తుంది? ఆయన అప్పుడు కర్ణాటక గవర్నర్. 1989 ఏప్రిల్‌లో 19 మంది ఎమ్మెల్యేలు మద్దతు ఉపసంహరిస్తున్నట్టు ఉత్తరాలిచ్చారు. వాళ్లలో కొందరు వెంటనే మాట మార్చారు కూడా. వారంలో సభ పెట్టి బలం చూపిస్తానని ముఖ్యమంత్రి ఎస్ఆర్ బొమ్మై అడిగారు. రాంలాల్ ఎక్కువ గడువిచ్చి చిక్కుల్లో పడితే వెంకటసుబ్బయ్య అసలు గడువే ఇవ్వలేదు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది: మెజారిటీ ఉందో లేదో తేల్చే చోటు శాసనసభ, రాజ్‌భవన్ కాదు. తీర్పు వచ్చేసరికి బొమ్మై పదవి పోయి అయిదేళ్లు కావొస్తోంది.

నివేదిక రాయనన్న గవర్నర్

అందరూ ఢిల్లీ అడిగింది రాసిచ్చారనుకోకండి. 1991 జనవరిలో తమిళనాడు గవర్నర్ సుర్జీత్ సింగ్ బర్నాలా డీఎంకే ప్రభుత్వాన్ని రద్దు చేయమని నివేదిక ఇవ్వలేదు. కేంద్రం రద్దు మాత్రం ఆగలేదు. గవర్నర్ నివేదిక వల్ల గానీ మరో విధంగా గానీ అని 356లో ఒక సందు ఉంది, అందులోంచి దారి చూసుకుంది. బర్నాలాను బిహార్‌కు బదిలీ చేస్తే వెళ్లకుండా రాజీనామా చేశారు. ఈయనే తర్వాత 2003-04లో మన రాష్ట్రానికీ గవర్నర్‌గా వచ్చారు.

అన్నట్టు, ఎదుటివాళ్ల గడువులు చేతిలో పెట్టుకున్న గవర్నర్‌కు తన గడువు మీద మాత్రం భరోసా లేదు. అయిదేళ్ల పదవీకాలమన్నది కాగితం మీద. రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే ఆ కుర్చీ. కేంద్రంలో ప్రభుత్వం మారినందుకో, భావజాలం నచ్చనందుకో తీసేయడం కుదరదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004లో నలుగురు గవర్నర్లను తప్పించిన వ్యవహారంలో వచ్చిన తీర్పు అది.

చెన్నైలో రెండు కథలు

తమిళనాడు రాజ్‌భవన్‌కు తెలుగువాళ్లు వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి జరిగింది. 1995లో జయలలిత ముఖ్యమంత్రిగా ఉండగానే ఆమెను ప్రాసిక్యూట్ చేయడానికి అనుమతిచ్చింది గవర్నర్ మర్రి చెన్నారెడ్డి. రెండుసార్లు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా, ఉత్తరప్రదేశ్, పంజాబ్, రాజస్థాన్, తమిళనాడు గవర్నర్‌గా పనిచేసిన చెన్నారెడ్డికి ఈ ఆటలో రెండు వైపులా ఎలా ఆడాలో తెలుసు. గవర్నర్‌గిరీ రాజకీయాలకు విరమణ అనుకునేవాళ్లకు ఆయన జీవితం పెద్ద జవాబు: 1974-77లో ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా చేసి వచ్చి 1978లో ఇక్కడ ముఖ్యమంత్రి అయ్యారు.

రెండో కథ 2017 ఫిబ్రవరిది. అన్నాడీఎంకే ఎమ్మెల్యేలు 5న శశికళను నాయకురాలిగా ఎన్నుకున్నారు. గవర్నర్ బాధ్యత చూస్తున్నది కరీంనగర్ నాయకుడు చెన్నమనేని విద్యాసాగరరావు. ఆయన మహారాష్ట్ర గవర్నర్ కూడా, ఉన్నది ముంబైలో. చెన్నై రావడానికి నాలుగు రోజులు తీసుకున్నారు, వచ్చాక కూడా ప్రమాణానికి పిలవలేదు. కావాలనే తాత్సారం చేస్తున్నారని ఒక పక్క రుసరుసలు. 14న సుప్రీంకోర్టు అక్రమాస్తుల కేసులో శశికళకు పడిన శిక్షను ఖరారు చేసింది. 16న పళనిస్వామి ప్రమాణం చేశారు. ఆలస్యం ఒక్కోసారి అమృతం కూడా అవుతుందని విద్యాసాగరరావు అభిమానులన్నారు. తీర్పు మరోలా వచ్చి ఉంటే ఆ పది రోజులను ఏమనేవాళ్లమో!

శాసనసభ ఓటు లేని చట్టం

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వైపు వెళ్లి 1/70 అంటే చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారకూడదన్న నిబంధన. అది అసెంబ్లీ చేసిన చట్టం కాదు. అయిదో షెడ్యూలు కింద గవర్నర్ చేసిన రెగ్యులేషన్. 1959లో చేసిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో మొదటి రెగ్యులేషన్‌తో గట్టిపరిచారు కాబట్టి 1/70 అయింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలంటుంది అది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1997లో సమతా కేసు తీర్పు ఈ పునాది మీదే నిలబడి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులకు అడ్డుకట్ట వేసింది.

షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి కూడా. ప్రభుత్వాలను కూల్చిన నివేదికల గురించి గ్రంథాలున్నాయి, ఈ నివేదికల గురించి పత్రికల్లో నాలుగు వాక్యాలు రావడం అరుదు. నన్నడిగితే గవర్నర్ పదవిలో సామాన్యుడి బతుకును నేరుగా తాకే భాగం ఇదే. అయితే దీనికీ హద్దుంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో గవర్నర్ అధికారంతో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పదేళ్ల సెక్షన్ 8

తెలంగాణ గవర్నర్‌కు పదేళ్లపాటు ఒక ప్రత్యేక అధికారం ఉండింది. విభజన చట్టం సెక్షన్ 8 ప్రకారం ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ప్రజల ప్రాణాలకు, ఆస్తులకు, స్వేచ్ఛకు రక్షణ గవర్నర్ ప్రత్యేక బాధ్యత. 2015లో దీని గురించి రెండు రాష్ట్రాల నాయకులూ గొంతులు చించుకున్నారు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరింది. గవర్నర్ అధికారాల్లో గడువు పెట్టి రాసిన అరుదైన అధికారం ఇది, అది ముగిసింది కూడా తేదీ ప్రకారమే.

వీలైనంత త్వరగా

అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు వచ్చాక గవర్నర్ సంతకం పెట్టవచ్చు, పెట్టకుండా నిలపవచ్చు, రాష్ట్రపతికి పంపవచ్చు. వెనక్కి పంపదలుచుకుంటే వీలైనంత త్వరగా పంపాలంటుంది 200వ అధికరణ. ఎంత త్వరగా? తెలంగాణలో 10 బిల్లులు పెండింగులో ఉన్నాయంటూ అప్పటి ప్రభుత్వం 2023లో గవర్నర్ తమిళిసై వ్యవహారాన్ని సుప్రీంకోర్టుకు తీసుకెళ్లింది. ఆ ఏప్రిల్ 24న కోర్టు ‘వీలైనంత త్వరగా’ అన్న మాటలకు రాజ్యాంగపరంగా చాలా బరువుందని గుర్తుచేసింది. అంతకుముందు ఏడాదే ఆ ప్రభుత్వం గవర్నర్ ప్రసంగం లేకుండా బడ్జెట్ సమావేశాలు నడిపింది. పాత సమావేశం అధికారికంగా ముగియనే లేదు కాబట్టి ఇది కొనసాగింపే, ప్రసంగం అక్కర్లేదన్నది ఉపాయం. గడువులతో ఆడుకోవడం రాజ్‌భవన్‌కే తెలుసనుకోవడం పొరపాటన్నమాట.

2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకెళ్లింది. గవర్నర్ ఆర్ఎన్ రవి ఆపిన 10 బిల్లులకు ఆమోదం వచ్చేసినట్టే అనుకోమంది, గవర్నర్లకు నెలల లెక్కన గడువులు పెట్టింది. దాని మీద రాష్ట్రపతి సలహా కోరారు. అదే ఏడాది నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగంలో లేని గడువులు కోర్టు పెట్టలేదని, ఆమోదం వచ్చినట్టే అనుకోవడం కుదరదని తేల్చింది. అలాగని బిల్లును ఎన్నాళ్లయినా తొక్కిపెట్టి కూర్చోవడమూ కుదరదంది. కారణం చెప్పకుండా సుదీర్ఘకాలం కదలకపోతే, తగిన సమయంలో నిర్ణయం తీసుకోమని మాత్రం కోర్టు చెప్పవచ్చట. సుదీర్ఘకాలం అంటే ఎన్నాళ్లో, తగిన సమయం అంటే ఎంతో ఆ అభిప్రాయంలో లేదు.